థర్జా హావర్త్, మూడు చేతిరుమాళ్ళు

ఎల్లర్‌బెక్ మిల్లు నేత షెడ్డులో పన్నెండు వందల మగ్గాలుండేవి. పొద్దున ఆరింటికి ఇంజను తిరగడం మొదలైతే సాయంత్రం ఐదున్నర దాకా మా చెవులకి పని ఉండేది కాదు. పక్క మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని మేం అరిచేవాళ్ళం కాదు. పెదవులతో మాట్లాడుకునేవాళ్ళం. ప్రతి మాటకీ నోరు బారెడు తెరిచి, పెదవులు సాగదీసి, అవసరమైతే చెయ్యో కనుబొమ్మో సాయం తెచ్చుకుని, గొంతు మాత్రం వాడకుండా. షెడ్డులో చేరిన మొదటి ఏడాదికే ఈ విద్య ఎవరికైనా పట్టుబడేది. రెండో ఏడాదికి ఆరు వరసల అవతల ఎవరి మొగుడు ఎవరిని తిట్టాడో కూడా తెలిసిపోయేది.

ఆ షెడ్డులో థర్జా హావర్త్‌వి నాలుగు మగ్గాలు. ఆమె పక్క నాలుగూ నావి. పద్దెనిమిదేళ్ళు ఆమె పక్కన నేశాను. ఆ పద్దెనిమిదేళ్ళలో నేను ఎక్కువగా నవ్వింది అక్కడే.

థర్జా పుట్టింది మా ఆషెన్‌క్లఫ్ ఊళ్ళోనే, కాలవ పక్క డైహౌస్ వీధిలో. పదో ఏట పొద్దున మిల్లు, మధ్యాహ్నం బడి. బడిలో బల్ల మీద తల పెట్టి నిద్రపోయేదట. పంతులు ఒక మాట రాయమంటే పలక మీద చుక్కలు పెట్టి, "ఇవి నా గురకలండీ" అందట. అప్పటికి గొంతు ఉండేది. పందొమ్మిదో ఏట గొంతు జ్వరం వచ్చి మూడు వారాలు మంచం పట్టింది. లేచేసరికి గొంతు పోయింది. మిగిలింది కెటిల్ మూతి దగ్గర వచ్చే బుస లాంటిది. మనిషి పక్కన కూర్చుంటే వినపడుతుంది, రెండడుగులు దూరం జరిగితే లేదు.

మిల్లులో ఈ సంగతి చాలామంది గమనించనే లేదు. షెడ్డులో ఎవరి గొంతూ వినపడదు కదా. బయట మాత్రం వేరు. కొట్టులో సరుకులు వేలితో చూపించేది. ఊళ్ళో పెద్దిళ్ళ వాళ్ళు ఆమెని సిగ్గరి అనుకునేవాళ్ళు. చాపెల్ పాటల మేళంలో మాత్రం ఆమె రెండో వరసలో తన చోటు వదులుకోలేదు. పదకొండేళ్ళు అక్కడే నిలబడి పెదవులు కదిపింది. మేళం పెద్ద ఒకసారి ఆమె శ్రద్ధని అందరి ముందూ మెచ్చుకున్నాడు కూడా. ఆమె పాడుతున్నది ఆ పాట కాదని, ఆయన కొత్త టోపీ మీద తను కట్టిన పాట అని ముందు బెంచీల్లో కూర్చున్న నేతగత్తెలందరికీ తెలుసు. మేం రుమాళ్ళు మొహాలకి అడ్డం పెట్టుకుని వణికిపోతుంటే పాస్టరు గారు అది భక్తి అనుకునేవారు.

ఆమె మొగుడు జేబెజ్ మిల్లు బాయిలర్ దగ్గర బొగ్గు వేసేవాడు. షెడ్డు మనిషి కాదు గనక పెదవి మాట అతనికి రాదు. పెళ్ళికి ముందు ఒక శీతాకాలమంతా కాలవ గట్టున కూర్చుని నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక దానికో ఉపాయం కూడా కనిపెట్టాడు. దెబ్బలాట వస్తే కళ్ళు మూసుకునేవాడు.

"ఈ ఊళ్ళో కళ్ళు మూసుకుంటే పెళ్ళాం నోరు మూతపడేది నాకొక్కడికే" అనేవాడు అందరితో.

థర్జా ఊరుకునేది కాదు. కళ్ళు తెరిచేదాకా అతని ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆకలేస్తే ఎలాగూ తెరుస్తాడు.

ఇక శాలువా సంగతి. పంతొమ్మిది వందల తొమ్మిది, జనవరి. నూలు తెగకుండా ఉండటానికి షెడ్డులోకి ఆవిరి వదిలేవాళ్ళు. గోడల మీంచి నీళ్ళు కారేవి. ఆ గోడలకే మేకులు, ఆ మేకులకే మా ఆడవాళ్ళ శాలువాలు. సాయంత్రం తీసుకునేసరికి పిండితే నీళ్ళొచ్చేవి. మగవాళ్ళ కోట్లు మేస్త్రీల గదిలో పొయ్యి పక్కన వెచ్చగా వేలాడేవి. అది ఎవరూ కావాలని చేసింది కాదు. ఎప్పటి నుంచో అలాగే ఉంది.

ఆ రోజు బయట మంచు గడ్డకట్టే చలి. మిల్లు గేటు నుంచి డైహౌస్ వీధి మలుపు దాకా నడిచేసరికి నా శాలువా తలమీద అలాగే బిగుసుకుపోయింది. తీసి చూస్తే అట్ట. థర్జా దాన్ని నా చేతిలోంచి తీసుకుని, బాట మీద నిలబెట్టి, చేతులు వదిలేసింది. అది పడలేదు. లోపల మనిషి లేకుండా, తల వంచి, భుజాలు కుదించుకుని, అచ్చం నాలాగే నిలబడింది.

ముందు నవ్వాం. చెక్క చెప్పులు టకటకలాడిస్తూ పోయేవాళ్ళంతా ఆగి నవ్వారు. జేబెజ్ దానికి టోపీ తీసి నమస్కారం పెట్టి, "బెర్తమ్మా, ఇవాళ ఇంతగా చిక్కిపోయావేంటమ్మా?" అన్నాడు.

థర్జా నవ్వడం ముందు ఆపింది. శాలువాని అలాగే రెండు చేతులతో ఎత్తుకుని, వీధి చివర నేతగాళ్ళ సంఘం ఆఫీసు దాకా నడిచి, తలుపు ముందు నిలబెట్టింది. తలుపు కొట్టింది.

తలుపు తీసింది సెక్రటరీ ఒబదయా పిల్లింగ్. ఆయన కూడా ఒకప్పుడు నేతగాడే. లెక్కల పరీక్షలో మొదటివాడుగా వచ్చి ఇరవై రెండో ఏట మగ్గం వదిలాడు. ఇరవై ఏళ్ళుగా ఆ ఆఫీసు కుర్చీలో ఉన్నాడు. కూలి రేట్ల విషయంలో యజమానులని నిలదీసి నిద్రపోనివ్వని మనిషి. అది నిజం, ఆ మాట చెప్పి తీరాలి. కానీ తలుపు ముందు నిలబడ్డ శాలువాని చూసి ఆయన మొహం చిట్లించాడు.

థర్జా గొంతు ఆయనకి అందలేదు. నేనే చెప్పాను. "శాలువాలు ఆరబెట్టుకోవడానికి ఒక గది కావాలండీ. ఎండుగా ఉండేది. గోడకి కొక్కేలు, కింద ఒక వేడి గొట్టం. అంతే."

"చూడు తల్లీ" అన్నాడాయన. "రేట్లు, గంటలు, చెడ్డ నూలు. ఇవి సంఘం చూసేవి. శాలువాలు ఇంటి వ్యవహారం. అది కమిటీలో పెట్టాలంటే కమిటీ మనిషెవరో పెట్టాలి."

కమిటీలో పన్నెండు మంది. పన్నెండుగురూ మగవాళ్ళే. సంఘంలో చందా కట్టే ప్రతి ముగ్గురిలో ఇద్దరం ఆడవాళ్ళం. ఆ పన్నెండుగురిలో ఒకాయన క్రిస్మస్ ముందే చనిపోయాడు. ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.

మర్నాడు మగ్గాలు మొదలైన పది నిమిషాలకి థర్జా నా వైపు తిరిగింది. "ఆ కుర్చీకి నేను నిలబడతా" అంది పెదవులతో.

"నువ్వా అక్కా?"

"కుర్చీ కదా. ఎలాగూ కూర్చోవడమే."

ఆ మాట వరస నుంచి వరసకి పాకింది. టీ వేళకి షెడ్డు అంతా ఆమె పేరు రాసిన కాగితం మీద సంతకాలు పెట్టేసింది.

అడ్డంకి ఒక్కటే. కమిటీకి నిలబడే మనిషి వార్షిక సభలో వేదిక ఎక్కి ఐదు నిమిషాలు మాట్లాడాలి. హాలు పెద్దది. వెనక బెంచీ దాకా మాట చేరిందో లేదో చూడటానికి మా సంఘంలో ఒక పాత ఆనవాయితీ ఉంది. ఆఖరి బెంచీలో ముగ్గురు సభ్యులని కూర్చోబెడతారు. మాట అందకపోతే చేతిరుమాలు ఎత్తుతారు. రెండు రుమాళ్ళు లేస్తే మాట్లాడేవాళ్ళు దిగిపోవాలి. పేరు కొట్టేస్తారు. ఆ ముగ్గురు ఎవరో చెప్పేది సెక్రటరీ. థర్జా గొంతు వేదిక మీద పక్క కుర్చీ దాకా కూడా పోదు.

ఇక్కడ మిస్ థ్రెల్‌ఫాల్ వచ్చింది. డాక్టరు గారి పెద్దమ్మాయి. ఆడవాళ్ళకి ఓటు కావాలని అర్జీలు పట్టుకుని తిరిగేది. థర్జా మిల్లులో ఆ అర్జీకి సంతకాలు చేయించేది. అలా పరిచయం. థర్జా నిలబడుతోందని విని, గొంతుకి శిక్షణ ఇస్తానని కబురు పెట్టింది. ప్రతి మంగళవారం, సాయంత్రం టీకి. తోడు నన్నూ రమ్మంది.

డాక్టరు గారి ముందు గదిలో కుర్చీలన్నీ సన్నకాళ్ళవి. థర్జా మూడు కుర్చీలు పరకాయించి చూసి, పియానో ముందున్న ముక్కాలి పీట మీద కూర్చుంది.

"గాలి కడుపులోంచి తీసుకోవాలి మిసెస్ హావర్త్" అంది మిస్ థ్రెల్‌ఫాల్. "మీరు ఒక నిండు కుండ అనుకోండి."

థర్జా నాకు పెదవులతో ఏదో చెప్పింది. నేను కేకు ముక్క మింగలేక దగ్గాను.

"ఏమంటున్నారు?"

"ప్రయత్నిస్తానంటోందండీ."

నాలుగు మంగళవారాలు ప్రయత్నించింది. నిజంగానే ప్రయత్నించింది. పుస్తకం తలమీద పెట్టుకుని నడిచింది. వెల్లకిలా పడుకుని గాలి పీల్చింది. డాక్టరు గారి పిల్లి గదిలోంచి వెళ్ళిపోయింది తప్ప బుస కాస్తా బుసగానే ఉంది. నాలుగో మంగళవారం మిస్ థ్రెల్‌ఫాల్ నీరసంగా కూర్చుండిపోయింది.

"నాకు గొంతు ఉంది" అంది, మాకు చెబుతున్నట్టు కాకుండా. "ఖర్చు పెట్టి నేర్పించారు. ఆ మూల దాకా వినపడుతుంది. భోజనాల దగ్గర నేనేదైనా అంటే నాన్నగారు మాంసం పులుసు ఇటు జరపమంటారు."

థర్జా నా వైపు తిరిగి, పెదవులు కదిపి, నన్ను చెప్పమంది.

"అక్క అంటోంది, మీకూ పెదవి మాట నేర్పుతుందట. అన్నం దగ్గర మీ పనిపిల్లతో మాట్లాడుకోవచ్చట. ఆ అమ్మాయి కూడా మిల్లులో చేసి వచ్చిందే. మీ నాన్నగారికి పులుసు ఎప్పుడు జరపాలో మీరిద్దరే తేల్చుకోవచ్చట."

ఆ మంగళవారం మిగిలిన గంటంతా పాఠం తిరగబడింది. మిస్ థ్రెల్‌ఫాల్ అద్దం ముందు నిలబడి నోరు సాగదీస్తుంటే థర్జా సన్నకాళ్ళ కుర్చీలో వెనక్కి వాలి, వేలు ఆడిస్తూ, "ఇంకా పెద్దగా" అని సైగ చేస్తూ కూర్చుంది.

సభకి వారం ముందు సంఘం ఆఫీసు తలుపుకి కాగితం అంటించారు. కమిటీ కుర్చీకి నిలబడ్డవాళ్ళు ఇద్దరు. ఒకరు థర్జా హావర్త్. రెండోవాడు కథ్‌బర్ట్ పిల్లింగ్, సెక్రటరీ అన్న కొడుకు. కింద ఆఖరి బెంచీ పేర్లు మూడు: సేత్ గ్రీన్‌హాల్, ఈనాక్ టాటర్‌సాల్, మర్సీ బూత్.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముగ్గురూ యాభై ఏళ్ళు మగ్గాల మధ్య బతికిన ముసలివాళ్ళు. ముగ్గురికీ చెముడు. ఊళ్ళో అంతకంటే చెవిటివాళ్ళు లేరు.

"ఏరి ఏరి పెట్టాడక్కా. సేత్ తాతకి పక్కన పిడుగు పడినా వినపడదు. నువ్వు గొంతు చించుకున్నా వాళ్ళు రుమాలు ఎత్తుతారు."

థర్జా కాగితం మళ్ళీ చదివింది. తర్వాత నా మొహం వైపు చూసి, పెదవులతో అడిగింది.

"ఆదివారం చాపెల్ బయట సేత్ తాతతో ఎంతసేపు కబుర్లాడావు?"

"ఒక గంట. వాళ్ళ కోడలి సంగతి చెబుతుంటే."

"ఎలా మాట్లాడావు?"

ఎలా మాట్లాడానో నాకే గుర్తు లేదు. మాలో ఎవరమూ దాన్ని గమనించం. చెముడు వచ్చిన నేతగాడితో ఎవరూ గట్టిగా మాట్లాడరు. షెడ్డులో మాట్లాడినట్టే మాట్లాడతాం. ఇరవై ఏళ్ళు ఆఫీసులో కూర్చుంటే ఆ సంగతి మర్చిపోవచ్చు.

"మిస్ థ్రెల్‌ఫాల్‌కి కబురు చెప్పు" అంది థర్జా. "మంగళవారం పాఠానికి రాను. ఊరికే టీకి వస్తా."

సభ శనివారం మధ్యాహ్నం. మిల్లు పన్నెండింటికే ఆగింది. జేబెజ్ ఆ రోజు తనే బంగాళాదుంపల రొట్టె వండాడు. ఒక వైపు మాడింది. థర్జా రెండు ముద్దలు తిని గిన్నె జరిపేసింది.

"ఏమే, నీకు భయమా?" అన్నాడు జేబెజ్.

ఆమె అవునన్నట్టు తల ఊపింది.

"నాకు ఓటుంది. రెండు పార్టీలవాళ్ళూ బండి పంపించారు, రెండు బళ్ళూ ఎక్కాను. అంతకంటే నాకు రాజకీయం తెలియదు. కానీ నువ్వు ముందు నుంచుని మాట్లాడితే కళ్ళు మూసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు." తుండుతో చేతులు తుడుచుకున్నాడు. "పద. టోపీ వంకరగా ఉంది. అలాగే ఉండనీ, బావుంది."

హాల్లో బెంచీలు నిండిపోయి గోడల వెంబడి కూడా నిలబడ్డారు. ఆరు వందల మంది ఉంటారు. కిటికీల్లోంచి మంచి వెలుతురు. వేదిక మీద కమిటీ వాళ్ళు వెనక వరసలో కూర్చున్నారు. మాట్లాడేవాళ్ళు వాళ్ళ ముందు, జనం వైపు తిరిగి నిలబడాలి. ఆఖరి బెంచీలో ముగ్గురు ముసలివాళ్ళు ఇస్త్రీ చేసిన రుమాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పెళ్ళిపెద్దల్లా కూర్చున్నారు.

ముందు కథ్‌బర్ట్. ముప్ఫై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. బాబాయి మాట కాదనలేక నిలబడ్డాడని అందరికీ తెలుసు. కమిటీ మనిషికి పెద్దరికం ఉండాలని ఆ చలికాలమంతా మీసం పెంచాడు. అది పై పెదవి దాటి కింది పెదవిని కూడా కప్పేసింది. గొంతు మాత్రం సంతలో గొడ్లని వేలం వేసే మనిషిది. "సభ్యులారా" అనగానే కిటికీ అద్దాలు కదిలాయి.

ఒక నిమిషం గడిచింది. సేత్ తాత ఈనాక్ వైపు చూశాడు. ఈనాక్ మర్సీ వైపు చూశాడు. ముగ్గురూ మెడలు చాచి మళ్ళీ వేదిక వైపు చూశారు. సేత్ తాత రుమాలు లేచింది. తర్వాత ఈనాక్‌ది. మర్సీ బూత్ కాస్త జాలిగా తనదీ ఎత్తింది.

పిల్లింగ్ కుర్చీలోంచి లేచాడు. "వినపడటం లేదా? హాలంతా మోగుతుంటేనూ?"

ఆ మాట ముసలివాళ్ళకి అందేలా ముందు బెంచీ వాళ్ళు వెనక్కి తిరిగి పెదవులు కదిపారు. సేత్ తాత లేచి నిలబడ్డాడు. చెవిటివాడు గనక ఊరంతా వినేలా మాట్లాడతాడు.

"ఏదో మీసం కదులుతోంది నాయనా. వెనక అబ్బాయి ఉన్నాడో లేదో తెలియడం లేదు."

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. కథ్‌బర్ట్ కూడా నవ్వేశాడు. ఆ రోజు అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం నేను స్పష్టంగా చూశాను. కమిటీలో ఒకాయన పిల్లింగ్ చెవిలో, ఈసారికి రుమాళ్ళ ఆనవాయితీ పక్కన పెడదామన్నాడు. పిల్లింగ్ ఆలోచించాడు. పక్కన పెడితే ఇద్దరికీ పెట్టాలి. పెట్టకపోతే థర్జాకీ ఎలాగూ రుమాళ్ళు లేస్తాయి. ఇద్దరి పేర్లూ పోతే ఖాళీ కుర్చీ నింపే అధికారం సెక్రటరీకే ఉంటుంది.

"ఆనవాయితీ ఆనవాయితీయే" అన్నాడు. "మిసెస్ హావర్త్, రండి."

థర్జా మెట్లెక్కి వేదిక ముందుకి వచ్చింది. కిటికీ వెలుగు ఆమె మొహం మీద పడింది. టోపీ ఇంకా వంకరగానే ఉంది. చేతులు వెనక్కి పెట్టుకుంది. నోరు తెరిచింది.

ఏ శబ్దమూ రాలేదు.

"అందరికీ కనిపిస్తున్నానా?" అంది పెదవులతో. "ఈనాక్ తాతా, ఆ కళ్ళజోడు తుడుచుకో. నీ భోజనం దాని మీదే ఉంది."

ఈనాక్ తాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. హాలంతా గొల్లుమంది.

వేదిక మీద వాళ్ళకి కనపడేది టోపీ వెనక భాగమే. ఎందుకు నవ్వుతున్నారో వాళ్ళకి అర్థం కాలేదు. పిల్లింగ్ జేబు గడియారం తీశాడు.

"ఆమెని మొదలుపెట్టమనండి" అన్నాడు పక్కాయనతో.

థర్జా మొదలుపెట్టి ఒక నిమిషం దాటింది. శాలువా కథ చెబుతోంది. నా శాలువా బాట మీద ఎలా నిలబడిందో నిలబడి చూపించింది. భుజాలు కుదించి, తల వంచి, లోపల మనిషి లేనట్టు. అది జేబెజ్ నమస్కారానికి జవాబు ఎలా చెప్పలేదో చూపించింది. ఆ శాలువా సంఘంలో చేరితే బావుండునంది. ఎదురు మాట్లాడదు, వంట అడగదు, ఎంత తడిసినా దగ్గదు. నా పక్కన కూర్చున్నామె కళ్ళు తుడుచుకుంటోంది. జేబెజ్ గోడకి ఆనుకుని, రెండు కళ్ళూ పెద్దవి చేసుకుని చూస్తున్నాడు.

"మగవాళ్ళ కోట్లు పొయ్యి పక్కన వేలాడుతున్నాయి" అంది థర్జా. "వాటి మీద నాకు కోపం లేదు. మంచి కోట్లు. వాటి పక్కన మా శాలువాలకీ కాస్త చోటిస్తే చెడిపోవు. కావాలంటే మధ్యలో తెర కడతాం."

ఇప్పుడు మగవాళ్ళూ నవ్వారు. వెనక బెంచీలో మూడు రుమాళ్ళూ లేవలేదు. మర్సీ బూత్ తన రుమాలు కళ్ళకి అద్దుకోబోయి, పైకి ఎత్తినట్టవుతుందేమోనని భయపడి, దాని మీద కూర్చుంది.

పిల్లింగ్ ఇక ఆగలేకపోయాడు. వేదిక పక్క మెట్లు దిగి, చుట్టూ తిరిగి ముందు బెంచీల దగ్గరికొచ్చి, ఆమె మొహం వైపు తలెత్తి చూశాడు. థర్జా ఆయన వైపు తిరిగింది. ఆమె నెమ్మదిగా, ఒక్కొక్క మాటే, పెద్దవి చేసి చెప్పింది.

"ఒబదా? ఇరవై ఏళ్ళయింది గానీ నీకివి అందుతాయని నాకు తెలుసు. ఆ గోడకి మూడో మేకు మీ అమ్మది. నాలుగోది నాది. పదహారేళ్ళు మీ అమ్మ శాలువా నా శాలువా పక్కన తడిసింది. నేను దాన్ని పిండి ఇచ్చేదాన్ని. ఆవిడ వేళ్ళకి పట్టు ఉండేది కాదు."

ఒబదయా పిల్లింగ్‌ని చిన్నప్పుడు పిలిచిన పేరది. చాలా ఏళ్ళుగా ఎవరూ అలా పిలిచి ఉండరు. పిల్లింగ్ పెదవులు కొంచెం కదిలాయి. మూడో మేకు, అన్నాయి. ముందు బెంచీలో వాళ్ళు జరిగి చోటిచ్చారు. ఆయన గడియారం జేబులో పెట్టుకుని అక్కడే కూర్చున్నాడు. మిగతా రెండు నిమిషాలూ ఆమె మొహం మీంచి కళ్ళు తిప్పలేదు.

చేతులెత్తమన్నప్పుడు నేను లెక్క పెట్టలేదు. పెట్టే అవసరం లేకపోయింది. కథ్‌బర్ట్ రెండు చేతులూ ఎత్తి, ఒకటి దించమంటే దించాడు. సోమవారం మీసం గీయించుకుని పనిలోకి వచ్చాడు. ఆ వేసవిలోనే మా వరస చివరి మగ్గాల పిల్ల అతన్ని పెళ్ళాడింది. ఏం చెబుతున్నాడో ఇప్పుడు తెలుస్తోంది గనక ఒప్పుకున్నానంది.

మిస్ థ్రెల్‌ఫాల్ సభ్యురాలు కాదు గనక హాలు బయటే నిలబడింది. కిటికీ అద్దంలోంచి అంతా చూసిందట. థర్జా బయటకి రాగానే పెదవులు బారెడు సాగదీసి, తప్పు లేకుండా, "అన్నీ అర్థమయ్యాయి" అంది. కాసేపాగి, "కళ్ళజోడు మీద భోజనం తప్ప" అంది.

గది రావడానికి నవంబరు దాకా పట్టింది. యజమాని ముందు నవ్వాడట. తర్వాత గొట్టానికి ఆవిరి చాలదన్నాడట. బాయిలర్ దగ్గర పనిచేసే మనిషి మొగుడుగా ఉన్నావిడకి ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది. నాలుగు సమావేశాల్లోనూ పిల్లింగ్ గట్టిగా మాట్లాడాడు. థర్జా పక్కన కూర్చుని, ఆయన తర్వాత ఏమనాలో పెదవులతో చెబుతూ ఉండేది. కమిటీలో మిగిలిన పదకొండుగురు మగవాళ్ళు కాగితాలు పక్కన పెట్టి ఒక ఆడమనిషి మొహం చూస్తూ కూర్చోవలసి వచ్చింది. చూడకపోతే ఆమె మాట అందదు మరి.

షెడ్డు బయట చిన్న గది. తెల్ల సున్నం, నాలుగు వరసల కొక్కేలు, కింద గోడ పొడుగునా వేడి గొట్టం. మొదటి సాయంత్రం మేం లోపలికి వెళ్ళేసరికి ఉన్ని కాగిన వాసన గది నిండా ఉంది. శాలువా తలమీద వేసుకుంటే అప్పుడే పొయ్యి మీంచి తీసినట్టుంది. కొందరు ఇంటికి వెళ్ళడం మర్చిపోయి గొట్టానికి వీపులానించి నిలబడిపోయారు.

మర్నాడు పిల్లింగ్ చూడటానికి వచ్చాడు. కొక్కేలు లాగి చూశాడు. గొట్టం మీద చెయ్యి పెట్టి తీశాడు. తర్వాత షెడ్డు తలుపు దగ్గరికొచ్చి మా వైపు చూశాడు. మగ్గాలు మోగుతున్నాయి. థర్జా తల తిప్పి ఆయనకేసి నాలుగు మాటలంది. మా వరసంతా ఒక్కసారిగా వంగిపోయింది. ఒకామె మగ్గంలో పోగు తీసుకెళ్ళే నాడెని చేతిలోంచి జారవిడిచింది.

పిల్లింగ్‌కి చివరి మాట అందలేదు. నా దగ్గరికొచ్చి, చెవిలో అరిచి లాభం లేదని తెలిసి, నెమ్మదిగా నోరు తెరిచి పెదవులతోనే అడిగాడు.

"ఏమంది?"

నేను తెగిన పోగు అందుకుని ముడి వేస్తూ, మొహం బిగించుకుని, పెద్దగా, స్పష్టంగా చెప్పాను.

"దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలంది."

ఆయన నా వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. వరస మొత్తం మగ్గాల మీదకి వంగి భుజాలు కదుపుతోంది. ఆయన టోపీ తీసి థర్జాకి నమస్కారం పెట్టి, తలుపు వైపు నడిచాడు. వెళుతూ నవ్వుతున్నాడని ఆయన చెవుల కదలిక బట్టి తెలిసింది.